గుండె లయ తప్పిన నాన్నకు ఎకోస్ప్రిన్ చాలదా?

ప్రశ్న:

డాక్టరు గారికి నమస్కారం. మాది నరసరావుపేట. మా నాన్నగారికి 76 ఏళ్ళు, రిటైర్డ్ హెడ్మాస్టరు. బీపీ, షుగర్ చాలా ఏళ్ళుగా ఉన్నాయి. మనిషి సన్నం, 58 కిలోలు. గుండెపోటు ఎప్పుడూ రాలేదు, స్టెంటు వెయ్యలేదు. పోయిన నెల శుక్లం ఆపరేషన్ కోసం ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పడం, ఉందన్నారు. ఆయనకి మాత్రం దడ లేదు, ఆయాసం లేదు. గుంటూరు తీసుకెళ్తే కార్డియాలజిస్టు ఎకో తీసి, వాల్వులు బాగానే ఉన్నాయన్నారు. రక్తం గడ్డకట్టకుండా అపిక్సబాన్ 5 మిల్లీగ్రాముల బిళ్ళ ఉదయం ఒకటి, రాత్రి ఒకటి రాశారు. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.1 వచ్చింది. ఎప్పుడో హెల్త్ చెకప్‌లో మొదలుపెట్టిన ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్) ఇప్పటికీ వేసుకుంటున్నారు.

మాకు తెలిసిన ఒక డాక్టరుగారు "ఈ వయసులో అంత ఘాటు మందు దేనికి, ఎకోస్ప్రిన్ ఉందిగా" అన్నారు. నాన్నగారు సంక్రాంతికి బాత్‌రూంలో జారిపడ్డారు, దెబ్బ తగల్లేదు. మళ్ళీ పడి తలకి దెబ్బ తగిలితే రక్తం ఆగదని మా అక్క భయం. డాలస్‌లో ఉన్న అన్నయ్యేమో వెంటనే మొదలుపెట్టమంటాడు. మధ్యేమార్గంగా ప్రస్తుతానికి బిళ్ళ సగం విరిచి పూటకి సగం ఇస్తున్నాను, ఎకోస్ప్రిన్ కూడా నడుస్తోంది. ఇది సరైనదేనా? ఖర్చు కూడా ఎక్కువగానే ఉంది. ఇంతకంటే చవకైన వార్ఫరిన్ వాడకూడదా? కంటి ఆపరేషన్ ముందు మందు ఆపాలా?

జవాబు:

మీ నాన్నగారికి ఎకోస్ప్రిన్ చాలదు. సగం బిళ్ళ కూడా చాలదు. కార్డియాలజిస్టు గారు రాసిన మందు, రాసిన మోతాదు రెండూ మీరిచ్చిన వివరాలకి సరిగ్గా సరిపోతున్నాయి. నేను ఉత్తరం చదివి చెబుతున్నాను, ఆయన మనిషిని చూసి రాశారు. కాబట్టి కింద నేను చెప్పేదంతా మళ్ళీ వెళ్ళినప్పుడు ఆయనతో మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. ఇంట్లో మీ అంతట మీరు మందులు మార్చడానికి మాత్రం వాడకండి.

"ఈ వయసులో ఘాటు మందు దేనికి" అన్న మాట కొత్తగా పుట్టింది కాదు. ఆస్పిరిన్ మెత్తటి మందు, అపిక్సబాన్, వార్ఫరిన్ లాంటివి ఘాటువి, పెద్దవాళ్ళకి మెత్తటిది ఇస్తే సగం లాభమైనా దక్కుతుంది, ప్రమాదం ఉండదు అన్నది చాలామంది మనసులో ఉన్న లెక్క. డాక్టర్లలోనూ ఉంది. ఈ లెక్కలో రెండు వైపులా తప్పుంది. లాభం సగం కాదు, అంతకంటే చాలా తక్కువ. ప్రమాదం తక్కువా అంటే అదీ కాదు. ఎందుకో తెలియాలంటే ఈ జబ్బులో పక్షవాతం తెచ్చే రక్తపు గడ్డ ఎక్కడ పుడుతుందో చూడాలి.

గుండెకి పైన రెండు గదులు, కింద రెండు. మామూలుగా పై గదులు ఒక్కసారిగా ముడుచుకుని రక్తాన్ని కిందికి నెడతాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో అవి ముడుచుకోవు, ఊరికే అదురుతుంటాయి. రక్తం చాలావరకు తనంతట తానే కిందికి జారుతుంది కాబట్టి మనిషికి తేడా తెలియకపోవచ్చు. మీ నాన్నగారికి తెలియలేదు చూడండి. అయితే ఎడమ పై గదికి చెవి ఆకారంలో ఒక చిన్న సంచి అతుక్కుని ఉంటుంది. గది ముడుచుకోవడం మానేస్తే ఆ సంచిలో రక్తం కదలదు. పారే కాలువలో పట్టని నాచు పక్కనున్న గుంటలో పట్టినట్టు, అక్కడ గడ్డ కడుతుంది. ఒకరోజు ఆ గడ్డ ఊడి, కింది గదిలోకి వచ్చి, అక్కడి నుంచి ఒక్క కొట్టుకోవడంలో మెడ రక్తనాళాల గుండా మెదడుకి చేరుతుంది. చిన్న గడ్డ కాదు కాబట్టి పెద్ద నాళాన్నే మూసేస్తుంది. అందుకే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వల్ల వచ్చే పక్షవాతం మిగతా రకాలకంటే తీవ్రంగా ఉంటుంది. ప్రాణం పోవడం, మంచాన పడటం రెండూ ఎక్కువే. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ పట్టణ ప్రజల్ని దశాబ్దాలపాటు గమనించి 1991లో వేసిన లెక్క ప్రకారం ఈ లయ తప్పడం ఒక్కటే పక్షవాతం ముప్పుని దాదాపు అయిదు రెట్లు చేస్తుంది.

ఆస్పిరిన్ పనిచేసేది ప్లేట్‌లెట్ల మీద. గుండెపోటులో జరిగేది వేరు. అక్కడ ధమని గోడలో పేరుకున్న కొవ్వు చిట్లుతుంది, వేగంగా పారే రక్తంలోని ప్లేట్‌లెట్లు ఆ చిట్లిన చోట గుమిగూడతాయి. ఆ గుమిగూడటాన్ని ఆస్పిరిన్ ఆపుతుంది, అందుకే స్టెంటు వేసినవాళ్ళకి అది ప్రాణం నిలిపే మందు. నిలిచిపోయిన రక్తంలో కట్టే గడ్డలో ప్లేట్‌లెట్ల పాత్ర చిన్నది. అక్కడ పని చేసేవి రక్తంలోని గడ్డకట్టే ఘటకాలు. అపిక్సబాన్, రివరాక్సబాన్, ఎడాక్సబాన్ వాటిలో పదో ఘటకాన్ని అడ్డుకుంటాయి. డాబిగట్రాన్ త్రాంబిన్ అనే ఘటకాన్ని అడ్డుకుంటుంది. వార్ఫరిన్, మన దగ్గర అంతకంటే ఎక్కువగా కనిపించే అసిట్రోమ్ అనే ఎసినోకౌమరాల్, విటమిన్ కె సాయంతో కాలేయం తయారుచేసే ఘటకాల్ని తగ్గిస్తాయి. కాబట్టి ఎకోస్ప్రిన్, అపిక్సబాన్ ఒకే మందులో చిన్న పెద్ద మోతాదులు కావు. వేర్వేరు గడ్డలకి వేర్వేరు మందులు.

మరి ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి ఆస్పిరిన్ ఎలా అలవాటైంది? 1991లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో రోజుకి 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ తీసుకున్నవాళ్ళకి పక్షవాతాలు 42 శాతం తగ్గినట్టు కనిపించింది. వార్ఫరిన్ అంటే నెలనెలా రక్తపరీక్షలు, ఆస్పిరిన్ అంటే ఒక్క చిన్న బిళ్ళ. డాక్టర్లకీ రోగులకీ అది హాయిగా అనిపించింది, మార్గదర్శకాల్లోకి ఎక్కింది. కానీ ఆ పరీక్షలోనే 75 దాటినవాళ్ళని విడిగా చూస్తే ఆస్పిరిన్ వల్ల లాభం కనబడలేదు. అంతకు రెండేళ్ళ ముందు డెన్మార్క్‌లో 75 మిల్లీగ్రాములతో జరిగిన పరీక్షలోనూ చెప్పుకోదగ్గ లాభం తేలలేదు. మీ నాన్నగారి వయసు 76, ఆయన బిళ్ళ 75. ఆ ఒక్క పరీక్షకున్న బలం ఆయన దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగల్లేదన్నమాట.

తర్వాత పరీక్షలన్నిటినీ కలిపి 2007లో లెక్క వేశారు. వార్ఫరిన్ పక్షవాతాలని 64 శాతం తగ్గిస్తుంది, ఒక్క ఆస్పిరిన్ తగ్గించేది 19 శాతం. ఆ 19 కూడా గట్టి అంకె కాదు. 2006లో జపాన్‌లో ఆస్పిరిన్ ఇచ్చినవాళ్ళనీ ఏ మందూ ఇవ్వనివాళ్ళనీ పోల్చి చూస్తే ఆస్పిరిన్ వైపు ఏ మేలూ కనబడలేదు, రక్తస్రావాలు పెరిగేలా ఉన్నాయని పరీక్షనే మధ్యలో ఆపేశారు.

మీ అక్కగారికి నేను చూపించాలనుకునేది మాత్రం ఇంగ్లండులో జరిగిన పరీక్ష. బాఫ్టా అంటారు, సినిమా అవార్డులతో దీనికి సంబంధం లేదు. 2007లో ఫలితాలు వచ్చాయి. అందులో ఉన్న 973 మందీ 75 దాటినవాళ్ళే, సగటు వయసు 81. పెద్ద ఆసుపత్రుల్లో ఏరి తెచ్చిన రోగులు కాదు, ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళ్ళే మామూలు ముసలివాళ్ళు. సగం మందికి వార్ఫరిన్, సగం మందికి ఆస్పిరిన్ 75. ప్రాణం తీసే లేదా అవిటి చేసే పక్షవాతం, మెదడులో రక్తస్రావం, గడ్డ వేరే చోటికెళ్ళి నాళాన్ని మూసెయ్యడం, అన్నిటినీ ఒకే పద్దులో కలిపి లెక్కపెట్టారు. ఏడాదికి వార్ఫరిన్ వాళ్ళలో నూటికి 1.8, ఆస్పిరిన్ వాళ్ళలో 3.8. మెదడు బయట జరిగిన పెద్ద రక్తస్రావాలు వార్ఫరిన్‌తో నూటికి 1.4, ఆస్పిరిన్‌తో 1.6. మెత్తటి మందు అనుకున్నది రక్తం కార్చడంలో ఘాటు మందుతో సమానంగా నడిచింది.

అపిక్సబాన్‌నే నేరుగా ఆస్పిరిన్‌తో పోల్చిన పరీక్ష 2011లో వచ్చింది. వార్ఫరిన్ పడదనో, వద్దన్నారనో పక్కనపెట్టిన 5,599 మంది అందులో ఉన్నారు. పక్షవాతాలు, గడ్డ వేరే చోట నాళాన్ని మూసెయ్యడం కలిపి ఏడాదికి నూటికి 3.7 ఆస్పిరిన్‌తో వస్తే, అపిక్సబాన్‌తో 1.6. పెద్ద రక్తస్రావాలు 1.2, 1.4. ఆ చిన్న తేడా యాదృచ్ఛికం కావచ్చనేంత స్వల్పం. లాభం అంత స్పష్టంగా కనిపించేసరికి ఆస్పిరిన్ వైపు వాళ్ళని అలాగే ఉంచడం న్యాయం కాదని పరీక్షని ముందే ముగించారు. 2014లో బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాలు ఈ జబ్బులో పక్షవాతం నివారణకి ఒక్క ఆస్పిరిన్ ఇవ్వొద్దని రాశాయి, యూరప్ వాళ్ళదీ ఇప్పుడు అదే మాట. మీకు తెలిసిన డాక్టరుగారు చదువుకున్న రోజుల్లో పుస్తకాల్లో ఆస్పిరిన్ ఉండే ఉంటుంది, ఆయన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు.

ఇక మీ నాన్నగారి సొంత లెక్క. ఎవరికి మందు అవసరమో తేల్చడానికి చాడ్స్‌వాస్క్ అనే మార్కుల పద్ధతి ఉంది. బీపీకి ఒకటి, షుగర్‌కి ఒకటి, గుండె బలహీనతకి ఒకటి, గుండెపోటు లాంటి రక్తనాళాల జబ్బుకి ఒకటి, 65 నుంచి 74 వయసుకి ఒకటి, 75 దాటితే రెండు, ఇదివరకు పక్షవాతం వచ్చి ఉంటే రెండు. ఆడవాళ్ళకి ఒకటి కలిపేవారు, యూరప్ వాళ్ళు 2024లో దాన్ని తీసేశారు. మీ నాన్నగారికి నాలుగు మార్కులు. హెడ్మాస్టరుగారు కాబట్టి ఆయనే వేసుకోగలరు, కాకపోతే ఇక్కడ మార్కులు ఎంత తక్కువ వస్తే అంత మంచిది. రెండు వచ్చినా చాలు, మందు మొదలుపెట్టమంటారు. నాలుగు వచ్చినవాళ్ళలో మందు లేకుండా ఏడాదికి నూటికి నలుగురైదుగురికి పక్షవాతం వస్తుంది. వినడానికి తక్కువే, కానీ అది ఒక్క ఏడాది లెక్క, వయసుతో పెరుగుతూ పోతుంది. సరైన మందు అందులో దాదాపు మూడింట రెండొంతులు తప్పిస్తుంది. దడ తెలియకపోవడం, లయ ఒక్కోసారి తనే సర్దుకోవడం ఈ లెక్కని మార్చవు. లయ వచ్చీపోయేవాళ్ళకి కూడా మార్కుల్ని బట్టే మందు.

జారిపడటం గురించి. మీ అక్కగారి భయం ఉత్తిది కాదు. ఈ మందు మీదున్న మనిషి తలకి దెబ్బ తగిలితే ప్రమాదమే. అయితే ఎన్నిసార్లు పడితే నష్టం లాభాన్ని మించుతుందని 1999లో కెనడా పరిశోధకులు వార్ఫరిన్ మీద లెక్క కట్టారు. మామూలు ముప్పున్న వృద్ధుడు ఏడాదికి దాదాపు 295 సార్లు పడాలని తేలింది. కాగితం మీద వేసిన లెక్కే అనుకోండి, ఎముకలు విరగడం లాంటివి అందులో లేవు. అయినా సంక్రాంతికి ఒకసారి పడిన మనిషికి మందు ఆపడానికి అది కారణం కాదని చెప్పడానికి సరిపోతుంది. పైగా మెదడులో రక్తస్రావం విషయంలో అపిక్సబాన్ వార్ఫరిన్ కంటే మెరుగు. 2011లోనే 18 వేలకు పైగా రోగుల్లో ఆ రెండిటినీ పోల్చినప్పుడు అపిక్సబాన్‌తో మెదడు రక్తస్రావం వల్ల వచ్చే పక్షవాతాలు సగానికి తగ్గాయి.

ఇన్ని అంకెలు చూపించాక కూడా చాలా ఇళ్ళలో వెనకాడతారు. నా అనుభవంలో దానికి కారణం వేరే ఉంది. మనం చేత్తో ఇచ్చిన బిళ్ళ వల్ల రక్తం కారితే అది మన తప్పు. ఇవ్వని బిళ్ళ వల్ల కాలూ చెయ్యీ పడిపోతే అది తలరాత. పక్కింటివాళ్ళు, చుట్టాలు అలాగే మాట్లాడతారు, రాసిన డాక్టరు కూడా లోపల అలాగే భయపడతాడు. మీరు సగం బిళ్ళ దగ్గర ఆగడంలోనూ అదే ఉందనుకుంటాను. ఆ భయాన్ని మరో పనికి వాడండి. బాత్‌రూంలో పట్టుకోవడానికి కడ్డీలు వేయించండి, నేల తడి లేకుండా చూడండి, రాత్రిపూట చిన్న లైటు వెలగనివ్వండి. శుక్లం తీయించడం ఎలాగూ మంచిదే, చూపు బాగుంటే పడటం తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం బీపీ. ఎంత ఉందో మీరు రాయలేదు. మెదడులో రక్తస్రావానికి అన్నిటికంటే పెద్ద కారణం అదుపులో లేని బీపీ. పై అంకె 160 దాటుతుంటే ముందు దాని సంగతి చూడమని డాక్టరుగారిని అడగండి.

సగం బిళ్ళ సంగతి. అపిక్సబాన్ 2.5 మిల్లీగ్రాముల మోతాదు ఉంది, కానీ దానికి నియమం ఉంది. వయసు 80 నిండటం, బరువు 60 కిలోలు లేదా అంతకంటే తక్కువ ఉండటం, క్రియాటినిన్ 1.5 లేదా అంతకు పైన ఉండటం. ఈ మూడింటిలో రెండు ఉంటేనే మోతాదు తగ్గించాలి. మీ నాన్నగారికి ఉన్నది ఒక్కటే, బరువు. మన దగ్గర 60 కిలోల లోపు వృద్ధులు ఇంటికొకరు ఉంటారు, అది చూసి తగ్గించేస్తుంటారు, వయసు చూసి కూడా తగ్గించేస్తుంటారు. అలా తగ్గిస్తే పక్షవాతం నుంచి పూర్తి రక్షణ ఉందన్న భరోసా ఉండదు. డబ్బులు మాత్రం పోతుంటాయి. ఇంకో నాలుగేళ్ళకి ఆయనకి 80 నిండినప్పుడు, బరువు ఇలాగే ఉంటే, అప్పుడు 2.5 అవుతుంది. ఈ లోపల క్రియాటినిన్ పెరిగినా అవుతుంది. అందుకే ఆరు నెలలకోసారి క్రియాటినిన్, హిమోగ్లోబిన్ చూపించండి. విరేచనాలు, తీవ్రమైన జ్వరం లాంటివి వచ్చి మనిషి నీరసించినప్పుడు ఇంకా ముందే చూపించాలి.

ఎకోస్ప్రిన్ ఇక దేనికి అన్నది కార్డియాలజిస్టుగారిని నేరుగా అడగండి. నా అభిప్రాయం, గుండెపోటు లేదు, స్టెంటు లేదు కాబట్టి ఆపేయమంటారనే. 70 దాటిన ఆరోగ్యవంతులకి ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ ఇస్తే మేలు లేదని, రక్తస్రావాలు పెరుగుతాయని 19 వేలమందితో ఆస్ట్రేలియా, అమెరికాల్లో జరిగిన పరీక్ష 2018లో తేల్చింది. రెండు మందులూ కలిస్తే కడుపులో రక్తస్రావం బాగా పెరుగుతుంది. ప్రస్తుతం మీ ఇంట్లో నడుస్తున్నది అన్నిటికంటే చెడ్డ కలయిక, రక్షణ సగం, రక్తస్రావం రెండు వైపుల నుంచీ. ఇది చదివే వేరేవాళ్ళకి ఒక హెచ్చరిక. స్టెంటు ఉన్నవాళ్ళు, గుండెపోటు వచ్చినవాళ్ళు ఈ పేరా చూసి ఎకోస్ప్రిన్ ఆపకండి. స్టెంటు కొత్తదైతే కొన్నాళ్ళు రెండు రకాల మందులూ కావాలి. సాధారణంగా ఏడాది గడిచి, గుండె నిలకడగా ఉంటే అపిక్సబాన్ లాంటి గడ్డ మందు ఒక్కటే చాలంటారు, ఎప్పుడన్నది స్టెంటు వేసిన డాక్టరే చెప్పాలి.

వార్ఫరిన్ వాడకూడదా అంటే, వాడవచ్చు. చవక, దశాబ్దాల అనుభవం ఉన్న మందు, వికటిస్తే విటమిన్ కె ఇంజక్షన్‌తో సరిచేయవచ్చు. కొందరికైతే అదే వాడాలి. లోహపు వాల్వు వేసుకున్నవాళ్ళు, చిన్నప్పుడు కీళ్ళవాతపు జ్వరం వచ్చి మైట్రల్ వాల్వు బాగా ముడుచుకుపోయినవాళ్ళు ఈ కోవలోకి వస్తారు. మన ప్రాంతంలో ఇలాంటి వాల్వు జబ్బు ఇప్పటికీ తక్కువేమీ కాదు, ముఖ్యంగా ఆడవాళ్ళలో. కీళ్ళవాతపు గుండెజబ్బుతో పాటు లయ తప్పినవాళ్ళలో 2022లో రివరాక్సబాన్‌ని వార్ఫరిన్ లాంటి పాత మందుతో పోల్చి చూస్తే పాత మందు తీసుకున్నవాళ్ళలోనే మరణాలు తక్కువగా ఉన్నాయి. కొత్తదల్లా మేలైనది అనుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మీ నాన్నగారికి ఎకోలో వాల్వులు బాగున్నాయన్నారు కాబట్టి ఆయనకి ఈ అవసరం లేదు.

వార్ఫరిన్, అసిట్రోమ్‌లతో ఇబ్బంది ఎక్కడంటే, ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చూపే అంకె, రెండుకీ మూడుకీ మధ్య నిలబడాలి. రెండు కంటే తగ్గితే రక్షణ పోతుంది, నాలుగు దాటితే రక్తస్రావం పెరుగుతుంది. మొదట్లో వారం వారం, కుదురుకున్నాక నెలకోసారైనా పరీక్ష, దాన్నిబట్టి మోతాదులో మార్పు. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది కాబట్టి తిండి కూడా ఒక తీరుగా ఉండాలి. గోంగూర, తోటకూర మానేయమని చెప్పేవాళ్ళ మాట వినకండి. రోజూ కాస్త తింటే రోజూ కాస్త తినమనండి. వారమంతా మానేసి ఆదివారం ఒక్కసారే గిన్నెడు తినడం, ఉన్నట్టుండి మునగాకు పొడి మొదలుపెట్టడం, ఇవే ఐఎన్ఆర్‌ని కుదిపేస్తాయి. పరీక్షకి దగ్గర్లో మంచి ల్యాబు ఉండి, మీరు తప్పకుండా తీసుకెళ్ళగలిగితే వార్ఫరిన్ కూడా మంచి మందే, ఆస్పిరిన్ కంటే ఎన్నో రెట్లు. అపిక్సబాన్‌కి ఈ బాదరబందీ లేదు. ఖర్చు విషయానికొస్తే, ఇప్పుడు జనరిక్ కంపెనీలవి చాలా వచ్చాయి, ధరల్లో తేడా బాగా ఉంది. మందు పేరు రాయించుకుని రెండు మూడు షాపుల్లో, జన ఔషధి దుకాణంలో అడగండి. బ్రాండు మారినా ఫరవాలేదు, మిల్లీగ్రాములు మారకూడదు. ఐఎన్ఆర్ పరీక్షలకి, ఆటోలకి, ఒక పూట పనికి అయ్యే ఖర్చు కూడా వార్ఫరిన్ పద్దులో వేసి చూసుకోండి.

అపిక్సబాన్ ప్రభావం ఒక రోజులో దిగిపోతుంది. అందుకే పూట తప్పితే రక్షణ తప్పినట్టే. షాపులో స్టాకు లేదని నాలుగు రోజులు ఆగడం కుదరదు, వారం ముందే తెచ్చిపెట్టుకోవాలి. ఒక పూట మరిచిపోతే, ఆరు గంటల లోపు గుర్తొస్తే వేసేసుకోవచ్చు. ఆ తర్వాతైతే వదిలేసి తర్వాతి పూట మామూలుగా వేసుకోవాలి. రెండు బిళ్ళలు కలిపి ఎప్పుడూ వద్దు.

మోకాళ్ళ నొప్పుల గురించి మీరు రాయలేదు, కానీ 76 ఏళ్ళ మనిషికి ఉండే ఉంటాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు ఈ మందుతో కలిస్తే కడుపులో రక్తం కారుతుంది, కిడ్నీ కూడా దెబ్బతింటుంది. నేను చూసిన రక్తస్రావాల్లో చాలావాటి వెనక మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న నొప్పి బిళ్ళే ఉంటుంది, నింద మాత్రం గుండె డాక్టరు రాసిన మందు మీదికి పోతుంది. నొప్పికి పారాసిటమాల్ వాడమనండి. ఊళ్ళో ఆర్‌ఎంపీగారు ప్రేమకొద్దీ పిర్రకి సూది వేస్తానంటే వద్దని చెప్పాలి, కండలో రక్తం గూడుకట్టి పెద్ద గడ్డవుతుంది. క్షయకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఇచ్చే కొన్ని మందులు అపిక్సబాన్ బలాన్ని తగ్గించేస్తాయి. కొన్ని ఫంగస్ మందులు పెంచేస్తాయి. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ముందు ఈ బిళ్ళ పేరు చెప్పడం అలవాటు చేసుకోవాలి. పసరు మందులూ, పొడులూ కూడా అడిగాకే.

కంటి ఆపరేషన్ గురించి భయపడకండి. శుక్లం ఆపరేషన్‌లో రక్తం పోయేది చాలా తక్కువ. చుక్కల మందుతో మత్తిచ్చి చేసేటప్పుడు గడ్డ మందు ఆపాల్సిన అవసరం సాధారణంగా రాదు. కంటి వెనక సూదితో మత్తివ్వాలనుకుంటే మాత్రం కంటి డాక్టరుగారు, కార్డియాలజిస్టుగారు ఒక మాట అనుకుని చెబుతారు. పన్ను పీకించుకోవాల్సి వచ్చినా ఇదే పద్ధతి. మీరు ముందురోజు నుంచి సొంతంగా ఆపేయడం మాత్రం వద్దు. కంటి ఆసుపత్రిలో ఎవరైనా కౌంటరు దగ్గర "వారం ఆపి రండి" అంటే, ఆ మాట ఎవరన్నారో అడిగి కార్డియాలజిస్టుకి ఫోను చెయ్యండి.

మీ ఉత్తరంలో అక్కగారి మాట ఉంది, అన్నయ్య మాట ఉంది, నాన్నగారి మాట కనబడలేదు. ఇన్నేళ్ళు బడి నడిపిన మనిషి ఈ అంకెలు అర్థం చేసుకోగలరు. పక్షవాతం వచ్చి మంచాన పడటం గురించి ఆయనకేమనిపిస్తుందో, రోజూ రెండు బిళ్ళలు ఆయన వేసుకోగలరో లేదో ఆయన్నే అడగండి. వేసుకునేది ఆయనే.

చివరిగా, ఏం కనిపిస్తే పరుగెత్తాలి. చిగుళ్ళలో కాస్త రక్తం, చర్మం మీద చిన్న మచ్చలు కంగారుపడాల్సినవి కావు, తర్వాతి సారి వెళ్ళినప్పుడు చెబితే చాలు. మలం తారులా నల్లగా, జిగటగా వస్తే, మూత్రంలో రక్తం కనిపిస్తే, ముక్కు నుంచి రక్తం పావుగంట గట్టిగా నొక్కిపట్టినా ఆగకపోతే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఐరన్ బిళ్ళలు వేసుకుంటున్నా మలం నల్లబడుతుంది, ఆ సంగతి కూడా చెప్పండి. తలకి దెబ్బ తగిలితే, మనిషి బాగానే ఉన్నట్టున్నా, ఆసుపత్రికి తీసుకెళ్ళి తల స్కాను గురించి అడగండి. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అదే నిమిషం 108. నిమ్మరసం తాగించి పడుకోబెట్టి చూద్దామని ఆగొద్దు, ఎకోస్ప్రిన్ నమిలించొద్దు. స్కాను తీయకుండా అది గడ్డో రక్తస్రావమో ఎవరూ చెప్పలేరు. గడ్డని కరిగించే ఇంజక్షన్‌కి నాలుగున్నర గంటలే సమయం. ఈ మందు గత రెండు రోజుల్లో వేసుకున్నవాళ్ళకి ఆ ఇంజక్షన్ మామూలుగా ఇవ్వరు, అయినా పెద్ద ఆసుపత్రిలో తీగ పంపి గడ్డని బయటికి లాగే అవకాశం కొందరికి ఉంటుంది. అందుకని అక్కడి డాక్టరు అడిగే మొదటి ప్రశ్న చివరి బిళ్ళ ఎన్ని గంటలకి వేశారనే. బిళ్ళల అట్ట వెంట తీసుకెళ్ళండి, వేసిన టైము చెప్పగలిగేలా ఉండండి.

సగం బిళ్ళ గురించీ ఎకోస్ప్రిన్ గురించీ మాత్రం తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగొద్దు. రేపే కార్డియాలజిస్టుగారికి ఫోను చేసి, ఇంట్లో ఇప్పుడు నడుస్తున్నది ఉన్నదున్నట్టు చెప్పండి.